లేకపోతే, సరే అలాగే

ఆ శనివారం ఉదయం అమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, ముందుగదిలో కుట్టుమిషన్ ముందు కూర్చోవడం, సాయంత్రందాకా లేవకపోవడం. బడి పాటల బృందానికి తెల్ల గౌన్లు కుట్టాలి. బట్ట కత్తిరించడం అయిపోయింది. కాలర్లు కూడా అయ్యాయి. ఇక ముక్కలన్నీ అతకాలి. ఆ సాయంత్రమే పిల్లలు వాటిని తొడుక్కుని వేదిక ఎక్కుతారు. గౌన్లు సమయానికి అందితే వచ్చే ఏడాది బడి యూనిఫారాలన్నీ అమ్మకే ఇస్తానని హెడ్‌మేడం ముందే చెప్పింది. అందకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా.

అడ్డమల్లా ఫోనొక్కటే. అమ్మకి నోరు కదిలితే కాలు ఆగిపోతుంది. మిషన్ తొక్కుతూ మాట్లాడటం ఆవిడకి చేతకాదు. "మా జాకెట్టు అయిందా అండీ" అని ఎవరైనా అడిగితే చాలు, పెడల్ మీద పాదం ఆగిపోతుంది. "అయితే నేనే చెబుతాను కదమ్మా, ఊరికే ప్రాణం తీస్తారేం" అని మొదలుపెట్టి, ఆ జాకెట్టు ఎందుకు ఆలస్యమైందో మొదటినుంచీ చెబితేగానీ మళ్ళీ కదలదు. నిన్న ఫోన్లకి జవాబులు చెప్పడంతోనే మధ్యాహ్నం దాటిపోయింది.

"ఇవాళ ఫోను నేను చూసుకుంటా" అంది గుసగుస.

గుసగుస అమ్మకి ఒక్కగానొక్క కూతురు. పదో తరగతి చదువుతోంది. ఏ మాట అనబోయినా సగం లోపలే ఉండిపోతుంది కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆ పేరు పెట్టారు.

"నువ్వా? ఫోను మోగితే వంటింట్లోకి పరిగెత్తేదానివి" అంది అమ్మ.

మూల కూర్చుని బొత్తాం కాజాలు కుడుతున్న అమ్మమ్మ నవ్వింది. "మొన్న పాలబ్బాయి ఎన్ని ప్యాకెట్లని అడిగితే వేళ్ళు చూపించింది. అతను తలుపవతల ఉన్నాడు పాపం."

"నేను మాట్లాడను. కంప్యూటర్ మాట్లాడుతుంది" అంది గుసగుస.

బడిలో కంప్యూటర్ టీచర్ ఆ వారమే షరతులు నేర్పింది. ‘ఇలా అయితే ఈ పని చెయ్యి, అలా అయితే ఆ పని చెయ్యి, ఏదీ కాకపోతే మరో పని చెయ్యి’ అని యంత్రానికి ముందుగానే రాసిపెట్టుకోవడం. అది పైనుంచి కిందికి ఒక్కొక్క షరతే చూసుకుంటూ వస్తుంది. ఏది ముందు నిజమైతే అక్కడే ఆగి, అక్కడ రాసింది చేస్తుంది. ఈ సంగతంతా గుసగుస చెబితే అమ్మమ్మ శ్రద్ధగా విని, "మీ అమ్మ నీకు పెట్టేవి కూడా అవే కదే. చదివితే టీవీ, లేకపోతే లేదు. దానికి కంప్యూటర్ ఎందుకు?" అంది.

గుసగుస పట్టు వదల్లేదు. పాత లాప్‌టాప్‌ని అమ్మ ఫోనుకి కలిపింది. ఎవరైనా ఫోన్ చేస్తే అది కట్ చేసి, సందేశం పెట్టమని వాళ్ళకి చెబుతుంది. సందేశం వస్తే ప్రోగ్రాం చదివి జవాబిస్తుంది. అందులో ‘అయిందా’ అన్న మాట ఉంటే ‘రేపు సాయంత్రం రండి’ అనాలి. ఎందుకంటే అందరూ అడిగేది అదే, అమ్మ చివరికి చెప్పేదీ అదే. ‘కొలతలు’ అన్న మాట ఉంటే ‘సోమవారం రండి’ అనాలి. ‘పాటల బృందం’ అని ఉంటే మాత్రం జవాబేమీ ఇవ్వకుండా గంట మోగించాలి. అప్పుడు తనే వెళ్ళి చూసుకుంటుంది.

ఇవేవీ లేని సందేశం వస్తే ఏమనాలన్న దగ్గర గుసగుస చాలాసేపు ఆగింది. తనే అయితే ఏమంటుంది? పక్కింటావిడ పిల్లాణ్ణి కాసేపు ఎత్తుకోమన్నా, తరగతిలో ఎవరైనా తన గొడుగు పట్టుకెళ్తామన్నా, కిటికీ పక్క సీటు తమకిమ్మన్నా, ఆమె నోట ఎప్పుడూ వచ్చేది ఒకటే. వేళ్ళు వాటంతటవే దాన్ని టైపు చేశాయి. లేకపోతే: ‘సరే, అలాగే.’

గొప్ప నిశ్శబ్దంతో పని మొదలైంది. అమ్మ పాదం ఆగకుండా ఆడింది. గుసగుస అయిన గౌనునల్లా తిరగేసి, ఇస్త్రీ చేసి, వరండాలో కట్టిన తాడుకి తగిలించింది. లోపల లాప్‌టాప్ అప్పుడప్పుడూ చిన్నగా కూసేది. ప్రతి కూతకీ గుసగుస లోలోపల గర్వపడింది. ఒక్కసారి కూడా గంట మోగలేదు. బడి నుంచి ఏ ఇబ్బందీ లేదనుకుంది.

వరండా మెట్ల దగ్గర ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. వీధి చివర సెలూన్ బాబాయ్ తన గుండ్రంగా తిరిగే కుర్చీని ఒక్కో మెట్టూ ఎక్కిస్తున్నాడు. వెనకాల ఒక పెద్దమనిషి నిలువుటద్దం పట్టుకుని ఉన్నాడు. ఆయన తల సగం కత్తిరించి ఉంది.

"ఎక్కడ పెట్టమంటావమ్మా? వెలుతురు ఇటువైపు బాగుంది" అన్నాడు బాబాయ్.

గుసగుస నోరు తెరిచింది. మాట రాలేదు.

"కొట్టుకి రంగులేస్తున్నారు కదా, ఇవాళొక్కరోజు మీ వరండాలో పెట్టుకోనా అని మీ అమ్మకి సందేశం పెట్టాను. సరే అలాగే అంది. నాకు నమ్మకం కుదరక మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే అంది. మీ అమ్మది ఇంత మెత్తటి మనసని ఇన్నేళ్ళూ తెలియనే లేదు."

కత్తెర ఆడటం మొదలైంది. వెంట్రుకలు గాల్లో లేచాయి. గుసగుస ఒక్క గెంతులో తాడు దగ్గరికి వెళ్ళి, గౌన్లన్నీ గుండెలకు హత్తుకుని లోపలికి పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఎదురింటావిడ తన బొచ్చుకుక్కని వరండా స్తంభానికి కట్టేస్తోంది.

"సాయంత్రానికి వచ్చేస్తాం. అడగ్గానే ఒప్పుకుంది మీ అమ్మ. కిందటేడు ఇదే మాట అడిగితే ఏమందో గుర్తుందా?" అంది ఎదురింటావిడ.

గుర్తుంది. వీధంతా వినబడింది.

గుసగుస లాప్‌టాప్ ముందు కూలబడింది. వచ్చిన సందేశాలని పైనుంచి చదవడం మొదలుపెట్టింది. బాబాయ్ ఉన్నాడు. కుక్క ఉంది. వాటి మధ్యలో హెడ్‌మేడం ఉంది.

‘పాటల బృందం గౌన్ల పని అయిందా అండీ? ఎన్ని గంటలకు పంపిస్తారు?’ అని అడిగింది మేడం. మన యంత్రం పైనుంచి చూసుకుంటూ వచ్చింది. మొదటి షరతులోనే ‘అయిందా’ దొరికింది. ఇక కిందికి దిగనే లేదు. ‘రేపు సాయంత్రం రండి’ అని చెప్పింది.

‘రేపేమిటండీ? కార్యక్రమం ఇవాళ’ అంది మేడం. ఇందులో ఏ షరతుకీ సరిపోయే మాట లేదు. ‘సరే, అలాగే’ అంది యంత్రం.

‘ఏమిటా అలాగే? మీ వల్ల కాకపోతే చెప్పండి. వచ్చి బట్ట పట్టుకెళ్ళి వేరేవాళ్ళ దగ్గర కుట్టించుకుంటాను.’

‘సరే, అలాగే.’

పక్కగదిలో అమ్మ మిషన్ హాయిగా ఆడుతోంది. ఇప్పుడు వెళ్ళి చెబితే అమ్మ లేస్తుంది, లేస్తే మాట్లాడుతుంది, మాట్లాడితే గౌన్లు అక్కడే ఆగిపోతాయి. తప్పు తనది, తనే దిద్దాలి. ముందు ఈ సరే అనడం మాన్పించాలి. గుసగుస చివరి జవాబు చెరిపేసి, దాని స్థానంలో ఒకే ఒక్క మాట రాసింది. లేకపోతే: ‘కుదరదు.’ జీవితంలో ఎవరితోనూ అనని ఆ మాటని యంత్రం చేత అనిపించడానికి కూడా కొంచెం భయమేసింది.

ఆమె మీట నొక్కిందో లేదో సందేశం వచ్చింది. మేడం.

‘ఏమైనా కోపం వచ్చిందా? పోనీ ఒకసారి ఫోన్లో మాట్లాడుకుందామా?’

గుసగుస చెయ్యి చాచేలోగా జవాబు వెళ్ళిపోయింది.

‘కుదరదు.’

‘ఇంత దురుసుగానా? నేనే వస్తున్నాను.’

‘కుదరదు.’

ఆ వెనకే మరో సందేశానికీ అదే జవాబు వెళ్ళింది. అదెవరిదో కూడా చూడకుండా గుసగుస లాప్‌టాప్ మూత మూసేసి దానిమీద చేతులు పెట్టుకుని కూర్చుంది. అది మూత కింద ఇంకెవరికో ఏదో చెబుతుందేమోనని తీగ కూడా పీకేసింది.

వీధిలో ఆటో ఆగింది. హెడ్‌మేడం అనుకుని బయటికి వస్తే, దిగుతున్నది పెద్దమ్మ. అమ్మకి సొంత అక్క. రెండు వీధులవతల ఆవిడకీ కుట్టుపని కొట్టుంది. ఒకప్పుడు అమ్మ కుట్టిన మెడపట్టీ వంకరగా ఉందని పదిమందిలో అన్నందుకు ఇద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో కూడా చెరో చివర కూర్చుంటారు. అలాంటి పెద్దమ్మ ఆటోవాడి సాయంతో తన మిషన్ దింపించి, ఎవరివైపూ చూడకుండా తిన్నగా ముందుగదిలోకి నడిచింది.

అమ్మ పాదం ఆగింది.

"అమ్మా, ఈవిణ్ణి ఎవరు రమ్మన్నారో కనుక్కో" అంది అమ్మ, అమ్మమ్మవైపు తిరిగి.

"అమ్మా, నీ చిన్న కూతురే రమ్మందని చెప్పు" అంది పెద్దమ్మ, తనూ అమ్మమ్మవైపే తిరిగి. "పని ఎక్కువుందని విన్నాను, రానా అని పొద్దున్న అడిగాను. సరే అలాగే అంది. మిషన్ ఆటోలోకి ఎక్కించాక నాకే ధైర్యం చాల్లేదు. వెనక్కి వెళ్ళిపోనా అని మళ్ళీ అడిగాను. కుదరదంది. అంత గట్టిగా పిలిచాక రాకుండా ఎలా ఉంటాను?" చివరి మాట దగ్గర ఆవిడ ముఖం తిప్పుకుంది. ఒకసారి దగ్గింది.

అమ్మ మెల్లగా కూతురివైపు తిరిగింది. "నేనా పిలిచాను?"

"నువ్వు కాదు. నేనూ కాదు. ‘లేకపోతే’ అన్న దగ్గర..." గుసగుస మిగతాది మింగేసింది. "అమ్మా, ఇంకొకటి కూడా ఉంది. బట్ట వెనక్కి పట్టుకెళ్ళమని హెడ్‌మేడంకి చెప్పాను. ఆవిడ వస్తోంది."

గదిలో కాసేపు కత్తెర చప్పుడొక్కటే వినబడింది. అది కూడా వరండాలోది.

"వరండాలో ఎవరు?" అంది అమ్మ.

"సెలూన్ బాబాయ్."

కుక్క మొరిగింది. "అదీ అలాగే వచ్చింది" అంది గుసగుస.

అమ్మ లేవబోయింది. గుసగుస ఆవిడ భుజాల మీద రెండు చేతులూ వేసి మళ్ళీ కూర్చోబెట్టింది. అలా చెయ్యడం అదే మొదటిసారి. "నువ్వు లేవద్దు. నువ్వు మాట్లాడితే కాలు ఆగిపోతుంది. తిట్టేదేదో రేపు తిట్టు. మేడంతో నేను మాట్లాడతాను."

"నువ్వా?" అన్నారు ముగ్గురూ.

ఆమె వరండాలోకి వచ్చేసరికి హెడ్‌మేడం మెట్లెక్కుతోంది. వెంట బడి అటెండరు ఖాళీ సంచీతో ఉన్నాడు. కుక్కనీ, కుర్చీలో తువ్వాలు చుట్టుకున్న మనిషినీ, అద్దంలో తన ముఖాన్నీ చూసి మేడం ఒక క్షణం ఇల్లు తప్పానేమో అనుకుంది.

"బట్ట ఎక్కడుందమ్మా? తెచ్చిచ్చెయ్" అంది.

గుసగుస ఏదో అంది.

"వినపడట్లేదు."

గుసగుస మళ్ళీ అంది. కుక్కకి వినపడినట్టుంది, చెవులు రిక్కించింది.

"పెద్దగా చెప్పమ్మా, నాకంత తీరిక లేదు. అలాగే అన్నదీ మీరే, కుదరదన్నదీ మీరే. పిల్లలు సాయంత్రం ఏం తొడుక్కోవాలి?"

"బట్ట ఇవ్వం" అంది గుసగుస. ఆ గొంతు ఎవరిదా అని ఆమే ఉలిక్కిపడింది. బాబాయ్ కత్తెర గాల్లోనే ఆగిపోయింది. ఇక ఆగితే మళ్ళీ రాదనుకుని ఆమె గబగబా చెప్పేసింది. "పొద్దుట్నుంచీ మీతో మాట్లాడింది మా అమ్మ కాదు మేడం. కంప్యూటర్. దానికి అలా రాసిచ్చింది నేను. మీ మాట కింద రాశాను, అందరి మాటా పైన రాశాను. మీది పైన ఉండాల్సింది. అమ్మ పొద్దుట్నుంచీ మిషన్ ముందునుంచి లేవలేదు. గౌన్లు సాయంత్రానికి ఇస్తాం."

మేడం ఆమెని ఎగాదిగా చూసింది. "నువ్వు మా పదో తరగతి పిల్లవే కదూ? చివరి బెంచీలో కూర్చుంటావు. నీ గొంతు నేనింతవరకూ వినలేదే." తర్వాత కళ్ళద్దాలు సర్దుకుంది. "సరే. ఇస్తామన్నావు. ఇవ్వలేకపోతే?"

"ఆ భాగం తీసేశాను మేడం" అంది గుసగుస. "ఇవాళ మా ప్రోగ్రాంలో ‘లేకపోతే’ అన్నది లేదు."

మేడం అటెండరు చేతిలోంచి సంచీ తీసుకుని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. "చేతిలో గౌన్లు పడందే ఇక్కణ్ణుంచి కదలను" అని కూర్చోవడానికి చోటు వెతుక్కుంది. అప్పుడే ఖాళీ అయిన బాబాయ్ కుర్చీ తప్ప వరండాలో మరొకటి లేదు. ఆవిడ అందులోనే కూర్చుంది. బాబాయ్ అలవాటు కొద్దీ మెడ చుట్టూ తువ్వాలు కట్టేశాడు.

లోపల రెండు మిషన్లూ ఎదురెదురుగా ఆడుతున్నాయి. అక్కాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు కాబట్టి అమ్మమ్మ చేతిలో కుట్టు పక్కన పెట్టి దూత పని చేస్తోంది. "సుద్ద ఇటిమ్మను." "ఇదిగో అను." "దారం తెగిందని చెప్పు." "కళ్ళుంటే కనపడుతుందని చెప్పు." ఇద్దరి మధ్యా తల తిప్పి తిప్పి అమ్మమ్మకి మెడ పట్టేసింది.

"నాకేం ఖర్మ? మీరే చచ్చినట్టు మాట్లాడుకోండి" అని ఆవిడ మళ్ళీ సూది పట్టుకుంది.

ఒక్క గౌను కుట్టేంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మ ఉండబట్టలేక, "ఆ అంచు మడత అలాగేనా వేసేది?" అంది.

"నేర్పిందెవరో వాళ్ళనే అడగాలి" అంది అమ్మ.

"నేను నేర్పింది నేర్చుకుని ఉంటే ఇలా ఎందుకు వస్తుంది?"

"నువ్వు నేర్పినట్టే కుడితే పిల్లలు గౌన్లలో కాదు, దిండు గలీబుల్లో పాడాలి."

గుమ్మంలో నిలబడి చూస్తున్న గుసగుస కళ్ళు పెద్దవయ్యాయి. అమ్మ మాట్లాడుతోంది. అయినా పాదం ఆగలేదు. ఆగకపోవడమే కాదు, మామూలు కంటే వేగంగా ఆడుతోంది. ఊరందరితో మాట్లాడేటప్పుడు ఆగే కాలు అక్కతో పోట్లాడేటప్పుడు మాత్రం పరిగెడుతోంది. పెద్దమ్మ కూడా అంతే. ఒక్కో దెప్పుకీ గౌనుకి ఒక్కో చెయ్యి అతుక్కుంటోంది.

కాసేపటికి ఇద్దరూ అలిసిపోయి చప్పబడ్డారు. మిషన్లూ నెమ్మదించాయి. గుసగుస బయటికి చూసింది. ఎండ మెట్లు దిగుతోంది. ఇంకా చాలా గౌన్లున్నాయి. ఇప్పుడేం చెయ్యాలో ఆమెకి ఎవరూ రాసివ్వనక్కర్లేదు.

"పెద్దమ్మా, అప్పుడు ఆ మెడపట్టీ నిజంగా వంకరగానే ఉందా?" అని అడిగింది.

రెండు మిషన్లూ ఒక్కసారిగా ఊపందుకున్నాయి.

ఆ మెడపట్టీ చల్లారేసరికి, "అమ్మా, చిన్నప్పుడు నీ రిబ్బన్లు పెద్దమ్మ దాచేసిందంటావు కదా" అంది. అదీ చల్లారాక, అమ్మమ్మకి ఎవరంటే ఎక్కువ ఇష్టమని అడిగింది. ఆ ప్రశ్నకి అమ్మమ్మ సూది వేగం కూడా పెరిగింది. గుసగుస మధ్యమధ్యలో గౌన్లు తిరగేసి, ఇస్త్రీ చేసి, కుక్కకీ వెంట్రుకలకీ అందకుండా లోపలే ఎత్తుగా తగిలించింది. గొంతు బొంగురుపోయింది. ఆ గొంతుకి అంత పని ఎప్పుడూ పడలేదు.

చివరి గౌనుకి చివరి బొత్తాం పడేసరికి బడి వ్యాను వచ్చి ఇంటి ముందు హారన్ కొడుతోంది. అటెండరు చేతుల నిండా గౌన్లు మోసుకెళ్ళి వ్యానులో పరిచాడు. హెడ్‌మేడం ఒక గౌనుని వెలుతురులోకి పట్టుకుని కుట్టు చూసింది. మెడ దగ్గర చూసింది. అమ్మ ఊపిరి బిగబట్టింది. పెద్దమ్మ కూడా బిగబట్టింది.

"బాగా వచ్చాయి" అంది మేడం. ఆవిడ జుట్టు కొసలు కూడా ఇప్పుడు చక్కగా ఒకే వరసలో ఉన్నాయి. "యూనిఫారాలు ఇస్తానన్నాను, మాట తప్పను. కానీ అవి చాలా ఎక్కువ. ఒక్క మనిషి వల్ల కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి కుడతామంటే ఇస్తాను."

అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. పెద్దమ్మ తన చేతి గాజులు చూసుకుంది. ముందు అనేది తను కాకూడదని ఇద్దరూ గట్టిగా అనుకుంటున్నట్టు చూస్తే తెలిసిపోతోంది. వ్యాను మళ్ళీ హారన్ కొట్టింది. మేడం వాచీ చూసుకుంది.

"కుడతారు మేడం" అంది గుసగుస, వీధిలోకి వినబడేలా. "ఇద్దరూ కుడతారు."

"మంచిది" అని మేడం వ్యాను ఎక్కేసింది.

అది మలుపు తిరిగేదాకా ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత, ఇన్నేళ్ళకి, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. తమని అడక్కుండా మాటిచ్చేసిన పిల్లని ఒకరి తిట్టు ఒకరు అందుకుంటూ చీకటి పడేదాకా తిట్టారు.